సంఘ యువజన సేవలో డిజిటల్ మాధ్యమాలు

క్రైస్తవ సంఘాలలో యువతీయువకులకు బైబిలు బోధన, పాటల అభ్యాసం, ప్రార్థన, సలహా సహాయం అందించే పనిని యువజన సేవ లేదా యూత్ మినిస్ట్రీ అంటారు. వాడుకలో దీనికి యౌవనస్థుల కూడిక అనే పేరు కూడా ఉన్నది. ఈ సేవలో సెల్‌ఫోను, అంతర్జాలం, ప్రొజెక్టరు వంటి సాధనాల వినియోగాన్ని, ముఖ్యంగా పుత్తూరు వంటి చిన్న పట్టణాల పరిస్థితిని, ఈ వ్యాసం వివరిస్తుంది.

పుత్తూరు నేపథ్యం

పుత్తూరు రేణిగుంట - అరక్కోణం రైలు మార్గంలో ఉన్న పట్టణం. చిత్తూరు జిల్లాలో ఉండిన ఈ ఊరు 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరింది. జర్మనీకి చెందిన హెర్మన్స్‌బర్గ్ మిషను 1860ల నుండి, ఆ తరువాత అమెరికా లూథరన్ మిషనరీలు పనిచేసిన ప్రాంతమిది. 1945లో తిరుపతి కేంద్రంగా దక్షిణాంధ్ర లూథరన్ సంఘం ఏర్పడింది.

ఇక్కడి యువకులు చదువు కోసం తిరుపతికి, ఉద్యోగం కోసం చెన్నైకి, శ్రీసిటీకి వెళ్తారు. మరోవైపు పట్టణ పరిసరాలలోని ఇంజనీరింగు కళాశాలలకు బయటి ఊళ్ళ విద్యార్థులు వస్తారు. ఆదివారం నాడు గుడిలో కనిపించే యువత వేరు, సంఘకాపరి బాధ్యత వహించవలసిన యువత వేరు. డిజిటల్ సాధనాలకు ఇక్కడ ప్రాధాన్యం ఏర్పడటానికి ముఖ్య కారణం ఇదే, ఆడంబరం కాదు.

పూర్వ సాధనాలు

సాంకేతికత సంఘాలకు కొత్త కాదు. సీషెల్స్ దీవుల నుండి ఫీబా రేడియో షార్ట్‌వేవ్ ప్రసారాలు 1970 నుండి 2003 వరకు భారతీయ భాషలలో వినిపించాయి. 1978లో విడుదలైన కరుణామయుడు చలనచిత్రాన్ని గ్రామాలలో తెర కట్టి ప్రదర్శించేవారు. పాటలు ఇంటింటికీ చేరింది క్యాసెట్ల ద్వారా.

అక్షరాల సమస్య

యువజన సేవలో ఎక్కువ శ్రమ తీసుకున్న పని పాటలను ఫోనులోకి తేవడం. ముద్రణాలయాలలో అను వంటి ఫాంట్లతో కూర్చిన పాటల పుస్తకాలలో కంప్యూటరు దాచుకున్నవి నిజానికి తెలుగు అక్షరాలు కావు. ఆంగ్ల అక్షరాల సంకేతాలకే తెలుగు రూపాలు తొడిగారు. ఆ ఫాంటు లేని ఫోనులో పల్లవి, చరణం అన్నీ అర్థం లేని గుర్తులుగా కనిపిస్తాయి. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే స్థానం లభించినా, చౌక ఫోన్లలో అక్షరాలు సరిగా కనిపించడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. పాత ఫైళ్ళను యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు, పొల్లులు తారుమారవుతాయి. వాటిని వరుస వరుసగా దిద్దాలి. పెద్దలకు పాట వచ్చు, పిల్లలకు టైపింగు వచ్చు. కనుక ఇద్దరూ కలిసి కూర్చుంటే తప్ప ఈ పని సరిగా సాగదు. పాత కీర్తనల పరిచయానికి ఇంతకంటె మంచి తరగతి లేదనవచ్చు.

పురుషోత్తమ చౌదరి (1803-1890) కీర్తనలపై కాపీహక్కు లేదు. భారత చట్టం ప్రకారం రచయిత మరణించిన 60 సంవత్సరాల తరువాత అది ముగుస్తుంది. కొత్త పాటల విషయం వేరు. 1957 నాటి కాపీహక్కు చట్టంలోని 52వ సెక్షను నిజమైన మతపరమైన కార్యక్రమంలో పాడుకోవడానికి మినహాయింపు ఇస్తుంది. ఆ రికార్డింగును తరువాత యూట్యూబులో ఉంచడానికి దానిని అనుమతిగా భావించరాదు.

2020 లాక్‌డౌన్

2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలైన తరువాత డేటా చౌక అయింది. అయినా చాలా సంఘాలు దానిని ఆరాధనకు వాడింది 2020లోనే. మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఏప్రిల్ 12 నాటి ఈస్టరు ఆ కాలంలోనే వచ్చింది. ప్రార్థనాలయాలకు జూన్ 8 నుండి అనుమతి లభించింది. ఈ మధ్యకాలంలో జూమ్, యూట్యూబ్ ఆరాధనలను నడపడంలో యువతదే ప్రధాన పాత్ర. అంతవరకు కుర్చీలు వేయడానికి పిలిచే యువకుడిని సంఘ పెద్దలు సలహా అడగవలసి వచ్చింది.

ఫోను లేనివారు

చెన్నైలోని యువకుడిని చేరే వాట్సాప్ సందేశం పక్క గ్రామంలోని బాలికను చేరకపోవచ్చు. చాలా ఇళ్ళలో ఫోను ఒక్కటే, అది తండ్రి చేతిలోనో అన్న చేతిలోనో ఉంటుంది. కూడిక సమయాన్ని గ్రూపులో మాత్రమే ప్రకటిస్తే బాలికలు తమంతట తామే మానుకున్నట్లు లెక్కలో కనిపిస్తుంది. ఇది సాంకేతిక లోపం కాదు, సంఘం చేసే పొరపాటు.

ఫోను ఉన్న బాలికలకు మరో చిక్కు ఉన్నది. సాధారణ వాట్సాప్ గ్రూపులో ప్రతి సభ్యురాలి నంబరూ అందరికీ కనబడుతుంది. అపరిచిత సందేశాలు వస్తే ఆమె ఫిర్యాదు చేయదు, గ్రూపు నుండి తప్పుకుంటుంది; కొన్నిసార్లు కూడికకు రావడమే మానుతుంది. 2023లో వచ్చిన వాట్సాప్ ఛానళ్ళలో అనుసరించేవారి నంబర్లు ఒకరికొకరు కనబడవు కనుక ప్రకటనలకు అవి మేలు. అదే ఏడాది వెలువడిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు వారి సమాచారం వాడటానికి తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతిని కోరుతుంది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడి, దశలవారీగా అమలులోకి వస్తున్నది. పిల్లల ఫొటోలను అడగకుండా ఫేస్‌బుక్‌లో పెట్టే అలవాటు చట్టానికి ముందు కూడా సరైనది కాదు.

ఇతర దేశాలలో

అమెరికాలోని లైఫ్‌చర్చ్ 2008లో యూవర్షన్ బైబిల్ యాప్‌ను విడుదల చేసింది. అందులో తెలుగు బైబిలు కూడా లభిస్తుంది. అంతర్జాలంలో పరిశుద్ధ సంస్కారపు అద్భుతాల వివరాలను సమకూర్చిన ఇటలీ బాలుడు కార్లో అకూటిస్ (1991-2006)ను కథోలిక సంఘం 2025 సెప్టెంబరు 7న పునీతునిగా ప్రకటించింది. అతడు 15 ఏళ్ళ వయస్సులో మరణించాడు.