గుండె కణంలో మడవ కట్టేదెవరు?

కేసీ కాలువ కింద పొలం ఉన్నవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. నీళ్లు రావడం ఒక్కటే సరిపోదు. ఏ మడికి, ఎంతసేపు అన్నదే లెక్క. సమయానికి మడవ కట్టకపోతే పక్క మడిలో పైరు కుళ్లిపోతుంది. మన కణాలదీ ఇదే లెక్క.

మైదుకూరు రోడ్డు మీద బైకులో పోతుంటే గేదె అడ్డమొచ్చిందనుకోండి. రక్తంలోకి అడ్రినలిన్ దూకుతుంది. అది గుండె కణం లోపలికి పోదు. పైనున్న బీటా రిసెప్టార్‌ని తట్టి ఊరుకుంటుంది. అప్పుడు లోపల ఏటీపీ నుంచి సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు తయారవుతుంది. కబురు మోసేది ఇదే. ఆ ఏటీపీని 1929లో వెలికితీసినవాళ్లలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు!

తమాషా ఏంటంటే, ఇదే అణువు గుండెను గట్టిగా కొట్టిస్తుంది, ఊపిరి గొట్టాల కండరాన్ని మాత్రం సడలిస్తుంది. ఒకే కణంలో కూడా ఒక్కో మూల ఒక్కో పని. మిల్లీమీటరులో పదో వంతు పొడవుండే గుండె కణంలో ఇదెలా కుదురుతుంది? కబురు అందుకునే ఎంజైమును ఏకేఏపీ ప్రొటీన్లు పని జరిగే చోటే కట్టేస్తాయి. దగ్గర్లోనే ఫాస్ఫోడైఎస్టరేజ్ ఎంజైములు సైక్లిక్ ఏఎంపీని ఎప్పటికప్పుడు విరగ్గొడుతుంటాయి. అవే గట్టు, అవే గడువు.

మరి గట్టు తెగితే? 2010లో యూరప్ శాస్త్రవేత్తలు నీరసించిన ఎలుక గుండె కణాల్లో అదే చూశారు. మామూలుగా కణంలోకి దిగే సన్నటి గొట్టాల్లో ఉండాల్సిన బీటా-2 రిసెప్టార్లు పైభాగానికీ చేరాయి. ఒకచోటే ఆగాల్సిన కబురు కణమంతా పాకింది.

నాకిది ఎందుకు పట్టిందంటే, మా నాన్నకు గుండె బలహీనమైతే డాక్టరు బీటా బ్లాకర్ రాశారు. "ఉన్న బలం కూడా తగ్గిస్తారా?" అంది అమ్మ. న్యాయమైన ప్రశ్నే. కానీ గుండె నీరసిస్తే ఒళ్లు నెలల తరబడి అడ్రినలిన్ లాంటి హార్మోన్లను పోస్తూనే ఉంటుంది. మొదట్లో అది సాయం, పోనుపోను చేటు. ఆ వరదకు మాత్ర మడవ కడుతుంది. 1999లో వెలువడిన రెండు పెద్ద పరీక్షల్లో ఇలాంటి మందులు మరణాలను సుమారు మూడో వంతు తగ్గించాయి.

మీ ఇంట్లో ఎవరైనా ఈ మాత్ర వేసుకుంటుంటే, "బాగానే ఉన్నా కదా" అని సొంతంగా ఆపనివ్వకండి. ఉన్నట్టుండి ఆపితే గుండెకు ప్రమాదం. ఎక్కువైనా తక్కువైనా డాక్టరుతోనే తేల్చుకోండి.