షెడ్డు వెనుక ఎదురు నడిచే గాలి

ఆషాఢం వచ్చిందంటే కందిలో పడమటి గాలికి పట్టపగ్గాలుండవు. ముంబై హైవే పక్కన ఏదైనా షెడ్డుకు తూర్పున, గాలి తగలదులే అనుకుని నిలబడి చూడండి. కాళ్ల దగ్గరి ప్లాస్టిక్ కవరు గాలి వెంట పోదు. గోడ వైపే పాక్కుంటూ వస్తుంది.

విమానం రెక్కలా సన్నగా ముగిసే వస్తువైతే గాలి దాని ఒంటిని అంటుకుని చివరిదాకా జారిపోతుంది. పెట్టెలాంటి షెడ్డు అంచు దగ్గర అంత మలుపు తిరగలేక గోడను వదిలేస్తుంది. వెనుక పీడనం పడిపోతుంది. పైనుంచి, పక్కలనుంచి గాలి అందులోకి సుడి తిరుగుతూ వెనక్కి వస్తుంది. ఘనాకారపు గది వెనుక, గాలి మళ్లీ నేలకు దిగేది సుమారు దాని ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరంలో. పొడవాటి ప్రహరీ వెనుక ఆ దూరం ఇంకా చాలా ఎక్కువ, ఎందుకంటే గాలికి పక్కలనుంచి చుట్టి వచ్చే దారి లేదు.

పొడవాటి స్తంభం తీరు వేరు. ఎడమ ఒకటి, కుడి ఒకటి చొప్పున సుడులు వదులుతుంది. ఈ వరుసకు 1911లో లెక్క కట్టిన థియొడోర్ ఫాన్ కార్మన్ పేరే దానికి నిలిచింది. 20 సెంటీమీటర్ల మందం స్తంభానికి సెకనుకు 10 మీటర్ల గాలి తగిలితే, సెకనుకు సుమారు పది జతలు. అదే రోడ్డు పక్క పొట్టి మైలురాయి అయితే, తల మీదుగా దిగే గాలి ఆ వరుసను చెడగొట్టేస్తుంది. నేలకు అతుక్కున్న వస్తువుల చదువు కష్టమయ్యేది ఇక్కడే.

అసలు చిత్రం ఆ వస్తువుల పాదం దగ్గర ఉంది. నేల దగ్గర గాలి నెమ్మది, పైన జోరు. అందుకే ఎదుటి ముఖం పైభాగంలో పీడనం ఎక్కువై గాలి కిందికి దిగి, పాదం ముందు చుట్ట చుట్టుకుని, గుర్రపు లాడంలా రెండు పక్కలకూ సాగుతుంది. నీళ్లదీ ఇదే పద్ధతి. మంజీర వరదకు వంతెన స్తంభం దగ్గర ఇసుక కోసుకుపోయేది ఇలాగే. వెనుక అనుకుంటాం గానీ, గుండ్రటి స్తంభానికి లోతైన గుంత సాధారణంగా ఎదుటే పడుతుంది.

పటాన్‌చెరు వైపు వెళ్తే షెడ్డు వెనుక సుడి ముక్కుకు తెలిసే విషయం. కప్పును కాస్త దాటిన పొగ గొట్టం ఉందనుకోండి, పొగ పైకి పోకుండా ఆ వెనుక సుడిలో చిక్కి, పనివాళ్లు టీ తాగే చోటికే దిగుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి డీజిల్ జనరేటర్ గొట్టానికి పెట్టిన సూత్రంలో మొదట ఉండేది భవనం ఎత్తే. దానికి జనరేటర్ కేవీఏ సామర్థ్యం వర్గమూలంలో ఐదో వంతు మీటర్లు కలపాలి. 400 కేవీఏ జనరేటరుకు భవనం మీద ఇంకో 4 మీటర్లన్నమాట. మీ షెడ్డు గొట్టం అంత లేచిందో లేదో ఈ ఆషాఢం లోపే టేపు పెట్టి చూసుకోండి.