సర్వేలు బడియు, దాని సంతతియు

తల్లాడనుండి ఏన్కూరు మీదుగా కొత్తగూడెమునకు పోవు రహదారిపైన, ఒకప్రక్క పత్తి మిరప చేలును వేరొకప్రక్క అడవియు నానుకొనియున్న జూలూరుపాడు మండలమున, నాలుగవ తరగతి చదువుచున్న బిడ్డ గల యింట సంక్రాంతి దాటినది మొదలు వినబడు మాట ఒక్కటే: గురుకులములో సీటు వచ్చునా, రాదా? కోయగూడెమున నైనను, లంబాడీ తండాలో నైనను, పత్తి ఏరు కూలి తల్లి నోటనైనను ఈ ప్రశ్న ఒకే తీరున వెలువడును. సర్కారు సొమ్ముతో బిడ్డకు తిండియు బట్టయు పుస్తకమును నీడయు నిచ్చి, గురువుల సన్నిధిని ఉంచి చదివించు పాఠశాల యనునది నేడు మనకు ఎంతో పరిచితమైన వస్తువైపోయినది. కాని ఏబది యేండ్లకు కొంచెము వెనుకకు పోయినచో అట్టి గురుకులము నాటి ఉమ్మడి రాష్ట్రమున ఒక్కటియు లేదు.

మొట్టమొదటిది నల్లగొండ జిల్లా సర్వేలు గ్రామమున వెలసినది. నేడది యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరియున్నది. అంతకు పూర్వము విద్యామంత్రిగా నుండి, 1971 సెప్టెంబరు కడపట ముఖ్యమంత్రి పదవి నధిష్ఠించిన పి.వి. నరసింహారావు, రెండు నెలలైనను నిండకమునుపే, నవంబరు 23వ తేదీన ఆ విద్యాలయమును ప్రారంభించెను. దానికి వలసిన నేలను సర్వోదయ కార్యకర్తయగు మద్ది నారాయణరెడ్డి దానముగా నొసగెను. పట్టణమునకు దూరముగా, రైలుగాని పెద్ద బజారుగాని లేని పల్లెలో ఇట్టి బడిని పెట్టుట యాదృచ్ఛికము కాదు. పల్లెబడిలో చదివిన పేదబిడ్డ, ట్యూషను పెట్టించుకొను స్తోమతు లేని తండ్రికి పుట్టిన బిడ్డ, కేవలము తన మేధాశక్తిచే పరీక్షలో నెగ్గి వచ్చినచో, అతనికి నగరములోని ధనికుల బిడ్డకు దొరకు విద్యకు ఏమాత్రమును తీసిపోని విద్య నీయవలెనన్నదే ఆ పాఠశాల సంకల్పము. మరుసటి సంవత్సరమే కోస్తా జిల్లాలకు గుంటూరు జిల్లా తాడికొండలోను, రాయలసీమకు అనంతపురము జిల్లా కొడిగెనహళ్ళిలోను ఇదే తీరు బడులు నెలకొల్పబడెను.

ఈ ఆలోచన ప్రపంచమునకు క్రొత్తది కాదు. జర్మనీ దేశమున సాలె నదీతీరమున, నౌంబుర్గు పట్టణ సమీపమున ఫోర్టా యను నొక ప్రాచీన సన్న్యాసి మఠము కలదు. పన్నెండవ శతాబ్దిలో స్థాపితమైన ఆ మఠము మతసంస్కరణోద్యమకాలమున మూతపడగా, సాక్సనీ ప్రభువగు మోరిట్సు దాని మాన్యములను తన ఖజానాలో కలుపుకొనక, 1543లో అక్కడనే యొక ప్రభుత్వ వసతి పాఠశాలను స్థాపించెను. మఠపు పొలములు పండించిన ధాన్యమే విద్యార్థుల భోజనమైనది. మైసెను, గ్రిమ్మ యను పట్టణములందును ఇట్టి బడులే వెలసెను. రిబ్బను నేయు బీదనేతగాని కొడుకగు ఫిఖ్టే, చర్చిలో వినిన ధర్మోపదేశమును పొల్లుపోకుండ ఒప్పచెప్పగా విని విస్మితుడైన ఒక భూస్వామి ఆ బాలుని చదువునకు పూనుకొనెననియు, 1774లో ఫోర్టా చేరిన ఆ బాలుడే తరువాత ఆ దేశపు మహాతత్త్వవేత్తలలో నొకడయ్యెననియు చరిత్ర చెప్పుచున్నది. నీట్షేయు ఈ బడి విద్యార్థియే. నాజీల కాలమున ఆ ప్రభుత్వము ఈ పాఠశాలను తన సిద్ధాంతములు నూరిపోయు శిక్షణాలయముగా మార్చివేసెను. ఆ చీకటి గడచిన పిమ్మట, తూర్పుజర్మనీ దినములను కూడ దాటి, నేడది భాషలు, సంగీతము, ప్రకృతిశాస్త్రములు అను మూడు శాఖలతో మరల ప్రభుత్వ పాఠశాలగానే నడచుచున్నది. బిడ్డలను రేయింబవళ్ళు తన చేతిలో నుంచుకొను బడి ఎవని చేతిలో నున్నదన్నది ఎంత ముఖ్యమో ఫోర్టా చరిత్రకంటె స్పష్టముగా చెప్పునది మరియొకటి నాకు కానరాదు.

జర్మనీలో మాధ్యమిక విద్యకు శిఖరమనదగినది గిమ్నాజియం. విశ్వవిద్యాలయమునకు పోదలచినవారు దానిలో చదివి అబిటూరు పరీక్ష నెగ్గవలెను. ఆ పరీక్షను ప్రష్యా ప్రభుత్వము 1788లో ప్రవేశపెట్టగా, తరువాతి తరమున విద్యాసంస్కర్తయగు హుంబోల్టు దానిని బలపరచెను. ఆ దేశపు రాష్ట్రములలో పెక్కింట నాలుగవ తరగతి ముగియగానే బిడ్డలను వేర్వేరు బడులకు విభజింతురు. పదియేండ్ల ప్రాయమున గిమ్నాజియమునకు చేరినవాని దారి యొకటి, చేతిపనుల శిక్షణకు దగ్గరయైన బడికి చేరినవాని దారి వేరొకటి. ఇంత చిన్న వయసున ఇట్టి తీర్పు తగదని అక్కడి విద్యావేత్తలనేకులు వాదించుటచేతనే, గత శతాబ్దపు ఉత్తరార్ధమున అందరిని ఒకే చోట చదివించు సమగ్ర పాఠశాలలు బయలుదేరెను. మన గురుకుల ప్రవేశపరీక్షయు సరిగా నాలుగవ తరగతి బిడ్డనే పరీక్షించుచున్నది గనుక, ఆ వాదమును మనము దూరమునుండి విని ఊరకుండరాదు.

సర్వేలు సాధించినదేమి? ఖమ్మము జిల్లా కిష్టాపురమున పుట్టి, సర్వేలులో చదివి, తెలంగాణ పోలీసు శాఖకు అధిపతియైన ఎం. మహేందర్ రెడ్డి యొక ఉదాహరణము. కాని అధికారుల పేర్లను జపించుట నాకంతగా రుచింపదు. నాకు గొప్పగా తోచునది ఆ బడి దినచర్య. తెల్లవారుజామున నిద్రలేపి వ్యాయామము, స్నానము, ఉదయపు చదువు, పిదప తరగతులు, సాయంకాలము ఆటలు, రాత్రి భోజనమునకు ముందును పిదపను మరల చదువు. ఉపాధ్యాయులు ఆ ఆవరణలోనే కాపురముండుటచే, పిల్లవానికి రాత్రి తొమ్మిది గంటలవేళ లెక్క తెగకపోయినచో అడుగుటకు మనిషి యుండెను. చదువురాని తలిదండ్రుల యింటినుండి వచ్చిన బిడ్డకు కావలసినది ఇదే. పట్టణపు మధ్యతరగతి యింట తండ్రియో అక్కయో చేయు పనిని ఇక్కడ గురువు చేసెను. గురుకులమను పేరు సార్థకమగుట ఇందువలననే గాని భవనములవలన గాదు.

సర్వేలు నాటిన మొలక దేశమంతటను వ్యాపించినది. పి.వి. కేంద్రమున మానవవనరుల శాఖను చేపట్టిన దినములలో, 1985–86 విద్యాసంవత్సరమున, హర్యానాలోని ఝజ్జరునను మహారాష్ట్రములోని అమరావతియందును మొదటి నవోదయ విద్యాలయములు వెలసెను. సీట్లలో కనీసము నాల్గింట మూడువంతులు గ్రామీణులకే దక్కవలెననుట, ఆడపిల్లలకు మూడవవంతు ప్రత్యేకించుట, తొమ్మిదవ తరగతిలో కొందరు విద్యార్థులను వేరొక భాషాప్రాంతపు నవోదయకు పంపి ఒక సంవత్సరము అక్కడనే చదివించుట దాని ప్రధాననియమములు. తమిళనాడు తప్ప దేశమెల్లెడల నవి గలవు. ఖమ్మము జిల్లాకు పాలేరున కలదు. రాష్ట్రమునందు 1980ల మధ్యనుండి దళిత విద్యార్థులకు సాంఘిక సంక్షేమ గురుకులములు, తరువాత గిరిజన గురుకులములు, ఇటీవల వెనుకబడిన తరగతులకును మైనారిటీలకును వేరువేరు సంస్థలు ఏర్పడినవి.

వాని శక్తి యెట్టిదో 2014 మే 25న లోకమునకు తెలిసినది. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మలావత్ పూర్ణ పదునాలుగేండ్లు నిండకమునుపే ఎవరెస్టు శిఖరము నధిరోహించెను. ఆమెకు తోడుగ శిఖరము చేరిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఖమ్మము జిల్లావాడు, జూలూరుపాడు చుట్టుపట్ల నున్న అన్నపురెడ్డిపల్లి గురుకులమున చదివినవాడు. ఇరువురును సాంఘిక సంక్షేమ గురుకులముల విద్యార్థులే. ఈ ప్రాంతపు పిల్లలకు ఆ పేరు బడిలో చెప్పదగిన పేరు.

అయినను అడవి అంచున నిలిచి చూచినప్పుడు ఒక చింత కలుగక మానదు. కోయ యింటి బిడ్డకు ఇంటిభాష కోయ. తండా బిడ్డకు లంబాడీ. బడిలో అడుగిడినపుడు తెలుగే అతనికి క్రొత్తభాష, అటుపిమ్మట ఆంగ్లము మరియొకటి. నాలుగేండ్లలో ఈ రెండు భాషల భారమును మోసి పరీక్షవ్రాసిన ఆ బిడ్డయు, తెలుగింట పుట్టి పట్టణపు బడిలో చదివిన బిడ్డయు ఒకే ప్రశ్నపత్రము ముందు కూర్చున్నచో, వచ్చిన మార్కులు ఇరువురి తెలివిని సమముగా కొలిచినవని నేను నమ్మజాలను. వియన్నానుండి వచ్చిన మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫు నిజాము ప్రభుత్వమున పనిచేయుచు, 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తీర్చు కేంద్రమును నెలకొల్పి, గోండీభాషలోనే తొలివాచకములు సిద్ధము చేయించెను. తన భాషలో తొలుత చదివిన పిల్లవాడే తరువాత పరభాషను బాగుగా నేర్చునని ఆయన గ్రహించియుండెను. ఆ మార్గమున మనము సాగినది స్వల్పము. గూడెపు ప్రాథమికపాఠశాలలో కోయ తెలిసిన ఉపాధ్యాయుడు లేనంతకాలము గురుకులపు తలుపు సగమే తెరచియున్నదని చెప్పవలసియున్నది. ఆశ్రమపాఠశాలలు ప్రవేశపరీక్ష లేకుండ గిరిజనబిడ్డలను చేర్చుకొని ఈ లోటును కొంత తీర్చుచున్నవి గనుక, గురుకులములకు ఇచ్చు శ్రద్ధను వానికిని ఈయవలెను.

ఇక ఈ ప్రాంతపు తలిదండ్రులు తెలిసికొనవలసినది: రాష్ట్ర గురుకులములలో ఐదవ తరగతి ప్రవేశమునకు నాలుగవ తరగతి చదువుచుండగా పరీక్ష వ్రాయవలెను, నవోదయకును, గిరిజనబిడ్డలకై 1997–98 నుండి కేంద్రసహాయముతో వెలసిన ఏకలవ్య పాఠశాలలకును ఆరవ తరగతిలో ప్రవేశము, ఐదవ తరగతిలో పరీక్ష. ఒకదానిలో సీటు రానిచో మరుసటి యేడు వేరొకదానికి వ్రాయవచ్చును. దరఖాస్తుకు కావలసిన కుల, ఆదాయ ధ్రువపత్రములను కడపటి దినములవరకు ఆగక మీసేవ కేంద్రమున ముందుగనే తీసికొనియుంచుకొనవలెను. బడిపంతులే యిందుకు పూనుకొని, తన తరగతిలోని ప్రతి బిడ్డ యింటికిని ఈ విషయమును తెలుపుట మేలు.