కోలుకోవడానికి కోటి ఏళ్లు

రాజమండ్రికి ఎదురుగా, గోదావరి పడమటి వైపున ఉన్న గౌరీపట్నం క్వారీల్లో కంకర కోసం పగలగొట్టే నల్లరాయి ఒకనాటి దక్కన్ లావా. ఆ లావా పొరల నడుమ సముద్రం వేసి వెళ్లిన సున్నపురాయి ఉంది. గెర్టా కెల్లర్ బృందం 2008లో ప్రకటించిన అధ్యయనంలో ఆ రాతిలోని ఫోరామినిఫెరా అనే ఏకకణ జీవుల గుల్లలను పరిశీలించారు. డైనోసార్లు అంతరించిన కాలానికి ముందు ఈ జీవులు ఎన్నో రకాలు, కొన్ని పెద్దవి, చక్కని నగిషీలు ఉన్నవి. క్వారీ రాతిలో దొరికినవి ఆ వినాశనం జరిగిన వెంటనే వచ్చిన తరాలు. చాలావరకు మిల్లీమీటరులో పదోవంతుకు అటూ ఇటూ ఉండే పొట్టి, సాదా గుల్లలు. ఘోర విపత్తు తరువాత ప్రాణం మళ్లీ ఎంత చిన్నగా మొదలైందో తెలియాలంటే మన ఊరి రాయి చాలు.

6.6 కోట్ల ఏళ్ల కిందటి ఆ విపత్తులో భూమ్మీది జాతుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు పోయాయి. డైనోసార్లు వెళ్లగానే ఖాళీ అయిన సీట్లలో క్షీరదాలు వచ్చి కూర్చున్నాయని సాధారణంగా చెప్పుకుంటాం. ఈ మాట సగమే నిజం. ఖాళీలు నింపుకోవడమే పని అయితే, చిన్న వినాశనం తరువాత త్వరగా, పెద్దదాని తరువాత ఆలస్యంగా కోలుకోవాలి. కిర్చ్‌నర్, వైల్ అనే పరిశోధకులు 2000లో శిలాజాల లెక్కలు తీస్తే అలా తేలలేదు. వినాశనం చిన్నదైనా పెద్దదైనా, కొత్త జాతులు జోరుగా పుట్టే దశ దాదాపు కోటి ఏళ్ల తరువాతే వస్తోంది. దీనికి నాకు సబబుగా తోచే కారణం ఒకటే. జీవికి కావలసిన చోటు దానంతటది ఉండదు, దాన్ని మరో జీవి కల్పించాలి. చెట్టుంటేనే కొమ్మ మీద బతికేది ఉంటుంది, కాయ కాస్తేనే కాయ తినేది ఉంటుంది. జాతి పోయినప్పుడు అది ఇతరులకు కల్పించిన చోటు కూడా దానితోనే పోతుంది.

ఇది కళ్లకు కట్టే చోటు అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఉంది. కొరాల్ బ్లఫ్స్ అనే ఆ గుట్టల్లో టైలర్ లైసన్, ఇయాన్ మిల్లర్‌ల బృందం మామూలు గుండ్రాళ్లలా కనిపించే ముద్దలను పగలగొడితే లోపల పుర్రెలు బయటపడ్డాయి. 2019లో వాళ్లు ప్రచురించిన వివరాలను వరసగా చదివితే మొక్కా జంతువూ ఒకదాన్నొకటి పట్టుకుని పైకి లేచినట్టుంటుంది. మొదట నేలంతా ఫెర్న్ మొక్కలే, క్షీరదాల్లో పెద్దది కూడా పందికొక్కు పాటిది. ఆపై తాటి జాతి చెట్లు వచ్చాయి, లక్ష ఏళ్లకు ఆరు కిలోల జంతువులు తిరిగాయి. 3 లక్షల ఏళ్లకు అక్రోటు కుటుంబపు చెట్లు పెరిగాయి, జంతువుల బరువు పాతిక కిలోల దాకా పోయింది. 7 లక్షల ఏళ్లకు చిక్కుడు కుటుంబపు కాయలు కనిపిస్తాయి, వాటితోపాటే 50 కిలోల జంతువులూ కనిపిస్తాయి. వాతావరణం వేడెక్కిన దశలకు కూడా ఇందులో పాత్ర ఉందని ఆ బృందమే చెప్పింది. అయినా మాంసకృత్తులున్న కాయ లేకుండా అంత ఒళ్లు పెరగడాన్ని ఊహించడం కష్టం.

దీనికి గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. డైనోసార్ల కాలాన్ని ముగించిన గ్రహశకలం పడిన మెక్సికో తీరపు చిక్షులూబ్ గుంతలోనే కొద్ది ఏళ్లలో జీవం కనిపించిందనీ, 30 వేల ఏళ్లలోపే అక్కడి సముద్రం కళకళలాడిందనీ 2018లో తేలింది. 25.2 కోట్ల ఏళ్ల కిందటి పర్మియన్ వినాశనం అంతకన్నా ఘోరమైనది. దాని తరువాత పట్టుమని పదకొండు లక్షల ఏళ్లు గడవకముందే చైనాలోని గుయ్‌యాంగ్ ప్రాంతపు సముద్రంలో చేపలు, రొయ్య జాతులు కలిసి బతికాయని 2023లో ప్రకటించారు. మరి కోటి ఏళ్ల మాట ఏమైనట్టు? ఇక్కడ రెండు వేర్వేరు సంగతులు కలగలిసిపోతున్నాయి. జీవం తిరిగి రావడం ఒకటి, అది నిలదొక్కుకుని వందల రకాలుగా విడివడడం మరొకటి. సముద్రపు సూక్ష్మ శైవలాల మీద 2019లో వచ్చిన పరిశోధన ఈ తేడాను పట్టి చూపించింది. అవి వెంటనే తిరిగొచ్చినా 18 లక్షల ఏళ్ల పాటు ఈ రోజు ఒక జాతి, రేపు మరొకటి అన్నట్టు అస్థిరంగానే ఉన్నాయి. పాత జాతుల సంఖ్య అందుకోవడానికి కోటి ఏళ్లు పట్టింది.

ప్రకృతి ఎలాగూ కోలుకుంటుంది కదా, ఇప్పుడు జాతులు పోతున్నాయని కంగారెందుకని అడిగేవారూ ఉన్నారు. కోలుకుంటుంది, నిజమే. కానీ మన మనిషి జాతి పుట్టి సుమారు 3 లక్షల ఏళ్లు. కోటి ఏళ్లంటే అంతటి కాలం ముప్పై సార్లకు పైగా గడవాలి. పైగా కోలుకోవడమంటే పోయినవి తిరిగి రావడం కాదు. పర్మియన్ చివర రుగోసా, టాబులేటా తెగల పగడాలు పూర్తిగా అంతరించాయి. ఆ తరువాత కొన్ని పదుల లక్షల ఏళ్లు సముద్రాల్లో పగడపు దిబ్బలే లేవు. చివరకు దిబ్బలు కట్టినవి వేరే తెగ పగడాలు. నేడు మన్నార్ సింధుశాఖలో, లక్షదీవుల చుట్టూ వేడి తట్టుకోలేక తెల్లబడుతున్నవి ఆ తెగ పగడాలే.