గుడి గంట మోగితే చెవులు మూసుకుంటారెందుకు?

వసంత పంచమి నాడు బాసర వెళ్లారా? గోదావరి ఒడ్డున జ్ఞాన సరస్వతి గుడిలో ఇసుక వేస్తే రాలనంత జనం. అక్షరాభ్యాసాలు, మంత్రాలు, గంటలు. ఆ సందడికి చాలామంది పిల్లలు ఏడ్చి ఊరుకుంటారు. ఒకరిద్దరు మాత్రం చెవులు గట్టిగా మూసుకుని బయటికి పరుగెత్తుతారు. 'మొండిఘటం' అనేస్తాం. తప్పు మనదే.

ఎందుకలా? కర్ణభేరి అదిరితే మూడు చిట్టి ఎముకలు ఆ కదలికను నత్తగుల్లలాంటి కాక్లియాకు అందిస్తాయి. అక్కడి కణాలు దాన్ని విద్యుత్ సంకేతంగా మార్చి మెదడుకు పంపుతాయి. ఏది వినాలి, ఏది వదిలెయ్యాలి అని తేల్చేది మెదడే. ఫ్యాను చప్పుడు మరిచిపోయి అమ్మ పిలుపు వింటారే, అదీ దాని పనే. కొందరిలో ఈ జల్లెడ వేరుగా పనిచేస్తుంది. చప్పుళ్లన్నీ ఒక్కసారిగా మీద పడతాయి.

శబ్దంతోనే దీన్ని సరిచేయొచ్చన్నాడు ఫ్రెంచ్ చెవి వైద్యుడు ఆల్ఫ్రెడ్ టొమాటిస్. హెడ్‌ఫోన్లలో మార్పులు చేసిన మొజార్ట్ సంగీతం వినిపించేవాడు. మరో ఫ్రెంచ్ వైద్యుడు గై బెరార్ పద్ధతిలోనైతే రోజుకు రెండుసార్లు, అరగంట చొప్పున, పది రోజులు వినాలి. ఆలోచన బాగుంది. కానీ ఈ ఇబ్బంది తరచూ కనిపించే ఆటిజం ఉన్నవారిపై జరిగిన ఇలాంటి ప్రయోగాలను, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష 2011లో పరిశీలిస్తే, పనిచేస్తాయనడానికి చాలినంత ఆధారం దొరకలేదు. వేలకు వేలు పోసేముందు పెద్దలు ఈ సంగతి తెలుసుకోవాలి.

మరి దారేంటి? రోజువారీ పనులు చేసుకోవడంలో సాయపడే ఆక్యుపేషనల్ థెరపిస్టులు పిల్లల్ని ఆటలతో, చిన్న చిన్న శబ్దాలతో మొదలుపెట్టి మెల్లగా చప్పుళ్లకు అలవాటు చేస్తారు. చెవులకు రక్షణ ఇచ్చే హెడ్‌ఫోన్లూ ఉన్నాయి. ఈసారి గుళ్లో ఎవరైనా చెవులు మూసుకుంటే నవ్వకండి, కాస్త దారివ్వండి.