బీప్‌మంటే బెంబేలొద్దు!

పొద్దున్నే పని పెట్టుకుని కంప్యూటర్ ఆన్ చేస్తారు. ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. పైగా లోపల్నుంచి ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు! ఇంట్లో డీటీపీ చేసుకునే మా వదినకి సరిగ్గా ఇలాగే జరిగింది. మర్నాడు ఇవ్వాల్సిన శుభలేఖలన్నీ అందులోనే ఉన్నాయి. మెకానిక్‌కి ఫోన్ చేస్తే, చూడకుండానే 'మదర్‌బోర్డు పోయుంటుంది మేడమ్' అన్నాడు. డబ్బు సర్దుకోబోతూ, ఎందుకో అనుమానమొచ్చి మూత విప్పి చూసింది. గ్రాఫిక్స్ కార్డు ఓ పక్క కాస్త పైకి లేచి ఉంది. ముందురోజు ఇల్లు దులుపుతూ బల్ల జరిపారట. అంతే సంగతి!

ఆ కూతలు ఊరికే రావు. ఆన్ చేయగానే కంప్యూటర్ తన భాగాలన్నీ సరిగా ఉన్నాయో లేదో తానే చూసుకుంటుంది. తెర మీద చెప్పే వీల్లేకపోతే కూత పెడుతుంది. అవార్డ్ బయోస్ ఉన్న పాత కంప్యూటర్లలో ఒక పొడుగు, రెండు పొట్టి కూతలంటే డిస్‌ప్లే దగ్గర తేడా ఉందని. ఏఎంఐ బయోస్‌లో అయితే ఎనిమిది కూతలు. కంపెనీని బట్టి ఇవి మారతాయి కాబట్టి మదర్‌బోర్డుతో ఇచ్చిన పుస్తకం దాచుకోండి (మనలో చాలామంది పాత పేపర్లతో పాటు వేసేస్తాం!). కొన్ని కొత్త బోర్డుల్లో కూతలకు బదులు చిన్న లైటు వెలుగుతుంది.

ముందు మానిటర్ వైరు చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే వైరు దానికే పెట్టాలి. అది సరిగానే ఉంటే స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, పవర్ బటన్ కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఓసారి తాకాకే లోపల చెయ్యి పెట్టాలి. మన ఒంట్లోని స్టాటిక్ కరెంటు చాలు, కార్డు పాడవడానికి. స్క్రూ తీసి, స్లాటు చివరి క్లిప్పు నొక్కి, కార్డుని నిటారుగా లాగండి. బంగారు రంగు అంచుని వేళ్లతో ముట్టుకోకండి. మసకబారితే పిల్లల తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి బ్రష్‌తో దులపండి. నోటితో ఊదితే తుంపర్లు పడతాయి. మళ్లీ పెట్టేటప్పుడు 'టిక్'మనేదాకా నొక్కాలి. పెద్ద కార్డుకి విడిగా పవర్ వైరుంటే అదీ చూడండి.

అప్పటికీ రాకపోతే సౌండు, నెట్‌వర్క్ లాంటి మిగతా కార్డులన్నీ తీసేసి ఆన్ చేయండి. వస్తే, ఒక్కొక్కటే పెడుతూ చూడండి. ప్రతిసారీ ప్లగ్గు తీయడం మర్చిపోవద్దు సుమా! ఏది పెట్టగానే ఆగిందో దాన్ని వేరే స్లాటులో పెట్టండి. అక్కడ పనిచేస్తే తప్పు స్లాటుది, లేకుంటే కార్డుదే అయ్యుండొచ్చు.

కాలిన వాసనొస్తే, గ్యారంటీ సీలుంటే మాత్రం మీరు విప్పొద్దు. పవర్ సప్లై పెట్టె జోలికి అసలే పోవద్దు. ప్లగ్గు తీసేసినా అందులో కరెంటు నిలవ ఉంటుంది.