నా కంప్యూటర్ నన్నే పర్మిషన్ అడుగుడేంది?

పోయిన సెలవుల్లో చెన్నూరుకు వెళ్లినప్పుడు బాపు ఒక ప్రశ్న అడిగాడు. మాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. అందులో ఒకటే కంప్యూటర్, వాడేది బాపు ఒక్కడే. ప్రింటర్ డ్రైవర్ ఇన్‌స్టాల్ చేస్తుంటే స్క్రీన్ మసకబారి, ఈ యాప్‌ను మార్పులు చేయనివ్వాలా, ఎస్సా, నోనా అని వచ్చింది.

"కొన్నది నేను, కరెంటు బిల్లు కట్టేది నేను. మళ్ల నన్నే పర్మిషన్ అడుగుడేంది బిడ్డా?"

సీఎస్‌ఈ చదువుతున్నా కూడా వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను.

నిజానికి ఈ పర్మిషన్ల పద్ధతి ఒక్కరు వాడే కంప్యూటర్ కోసం పుట్టింది కాదు. 1970లలో యునిక్స్ నడిచే మిషన్ ఒకటే, దాని టెర్మినళ్ల ముందు చాలామంది. ఒకరి ఫైలు ఇంకొకరు చెడగొట్టకుండా ఓనర్, గ్రూపు, మిగతావాళ్లు అని మూడు వర్గాలు పెట్టారు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. మనం ల్యాబ్‌లో కొట్టే 755 ఇదే: ఓనర్‌కు మూడూ, మిగతావాళ్లకు చదవడం, నడపడం మాత్రమే. అందరి పైన రూట్.

ఇంట్లో వాడే విండోస్ 95, 98లలో ఈ అడ్డుగోడ లేదు. 2001లో వచ్చిన ఎక్స్‌పీలో గోడ ఉంది కానీ, సెటప్‌లో పెట్టుకునే అకౌంట్ అడ్మినిస్ట్రేటరే కాబట్టి తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉండేది. 2007లో జనానికి అందిన విస్టా నుంచి పద్ధతి మారింది. మనం అడ్మిన్ అయినా, మన ప్రోగ్రాములు మామూలు హక్కులతోనే నడుస్తాయి. పెద్ద హక్కులు కావాలంటే మనల్ని అడగాలి. అడిగేటప్పుడు స్క్రీన్ మసకబారేది ఊరికే కాదు. అది వేరే డెస్క్‌టాప్. మామూలు ప్రోగ్రాములు అక్కడికి వచ్చి మన తరఫున ఎస్ నొక్కలేవు.

ఇప్పుడు బాపు ప్రశ్నకు జవాబు. కంప్యూటర్ అడిగేది మనల్ని అనుమానించి కాదు, మన పేరు మీద వచ్చిన ప్రోగ్రామును అనుమానించి. మనం డబుల్ క్లిక్ చేసిన ప్రతిదీ మన హక్కులతోనే నడుస్తుంది. ఇంట్లో ఉండేది మనమే అయినా, గ్యాస్ పొయ్యి బాగుచేయడానికి వచ్చిన మనిషి చేతిలో బీరువా తాళంచెవి పెడతామా?

మేం పెట్టాం. అంతకుముందు ఏడాది ఒక మెకానిక్ "ఇది ఊకె సతాయిస్తది" అని ఆ ప్రశ్నే రాకుండా ఆఫ్ చేసి పోయాడు. షాపుకు హాల్‌టికెట్లు, రెజ్యూమెల కోసం రోజూ ఎన్నో పెన్‌డ్రైవ్‌లు వస్తాయి. ఒకదాంట్లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారి ఉన్నాయి. బాపు ఫోల్డర్ అనుకుని క్లిక్ చేశాడు. అది యాంటీవైరస్‌ను ఆపేసి, తర్వాత వచ్చిన ప్రతి పెన్‌డ్రైవ్‌కూ ఎక్కింది. పరీక్ష ముందురోజు వచ్చిన పిల్లలకు కూడా. చివరికి డిస్క్ మొత్తం ఫార్మాట్ కొట్టాల్సి వచ్చింది. స్కాన్ చేసి దాచుకున్న నానమ్మ ఫొటోలు దాంతోనే పోయాయి.

అయితే పర్మిషన్లు అన్నిటినీ కాపాడవు. సిస్టమ్ ఫైళ్లకు కాపలా ఉంటుంది కానీ, మన ఫొటోలు, అసైన్‌మెంట్లు మనవే. మన పేరుతో నడిచే ఏ ప్రోగ్రామైనా వాటిని చెరపగలదు, తాళం వేసి డబ్బులు అడగగలదు. దానికి అడ్మిన్ హక్కు అవసరమే లేదు. విండోస్ పాడైతే మళ్లీ ఎక్కించుకోవచ్చు, నానమ్మ ఫొటో ఎక్కడి నుంచి తెస్తాం? దానికి మందు ఇంకో కాపీ ఒక్కటే.

ఇంకో సంగతి. 2017 మే 12న మొదలైన వాన్నాక్రై ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లను కూడా తాకింది. విండోస్ ఫైల్ షేరింగ్ సర్వీసులో ఉన్న లోపం ద్వారా అది మిషన్ నుంచి మిషన్‌కు పాకింది. ఎవరూ ఎస్ నొక్కే పనిలేదు. ఆ సర్వీసు సిస్టమ్ హక్కులతో నడుస్తుంది కాబట్టి లాగిన్ అయింది ఎవరన్నదీ లెక్కలోకి రాలేదు. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చింది. అంటే పర్మిషన్, కాపీ, అప్‌డేట్ మూడూ కావాలి.

మన జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ ఈ విషయంలో ఒక అడుగు ముందుంది. దాని లోపల ఉన్నది లినక్సే. యునిక్స్ మనుషులను వేరుచేయడానికి పెట్టిన యూజర్ నంబర్లను ఆండ్రాయిడ్ యాప్‌లను వేరుచేయడానికి వాడింది. ప్రతి యాప్‌కు సొంత నంబర్. ఫోన్ వాడేది ఒక్కరే, లోపల యూజర్లు మాత్రం వంద మంది! 2015లో వచ్చిన ఆరో వెర్షన్ నుంచి కెమెరా, కాంటాక్ట్స్ లాంటివి వాడే టైముకే అడగడం మొదలైంది.

మనమేమో ల్యాప్‌టాప్‌లో 'పర్మిషన్ డినైడ్' కనబడగానే ముందు సుడో తగిలిస్తాం, అదీ కాకపోతే 777 కొడతాం. అది ఎందుకు కాదన్నదో ఒక్క నిమిషం చూడండి. చాలాసార్లు అది రాంగ్ ఫోల్డర్ అయి ఉంటుంది.

షాపులో నేను చేసింది ఇంతే. ఆ ప్రశ్నను మళ్లీ ఆన్ చేశాను. పాస్‌వర్డ్‌తో ఒక అడ్మిన్ అకౌంట్, రోజువారీ పనికి ఒక స్టాండర్డ్ అకౌంట్ పెట్టాను. స్టాండర్డ్ నుంచి అయితే ఎస్ ఒక్కటే చాలదు, అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టాలి. అప్‌డేట్లు ఆన్ చేశాను. మిగిలిన ఫైళ్లకు ఇంకో హార్డ్‌డిస్క్‌లో కాపీ తీసి, కేబుల్ పీకి బీరువాలో పెట్టాం. "గింత లొల్లి ఎందుకు" అని బాపు గొణిగాడు.

మొన్న ఫోన్ చేశాడు. "ఒక పోరడు పెన్‌డ్రైవ్ తెచ్చిండు. ఫైలు తెరవంగనే పాస్‌వర్డ్ అడిగింది. ప్రింట్ తీసుటానికి పాస్‌వర్డ్ ఎందుకు అని నో కొట్టిన. మంచిదేనా?"

మంచిదే బాపు.